తిరుపతి నుంచి గండికోట: లోయ చూడాలంటే ఏ వేళకు చేరాలి, పెద్దవాళ్లను ఎంతదాకా తీసుకుపోవచ్చు?

భవానీనగర్ వాసి (తిరుపతి) అడిగిన ప్రశ్న:

సంక్రాంతి దాటిన వారంలో గండికోట పోవాలనుకుంటున్నాం. ఏడు సీట్ల బండి, ఆరుగురం. మా ఇద్దరితో పాటు పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, అమ్మ, నాయన. నాయనకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే అర కిలోమీటరు నడుస్తారు, ఎత్తు మెట్లయితే పట్టుకోవాలి.

తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేలా ఒక్కరోజులో అవుతుందా? రాజంపేట మీదుగా మేలా, పీలేరు, రాయచోటి మీదుగా మేలా? లోయ అంచు దాకా నాయన రాగలరా? పిల్లల విషయంలో ఏం జాగ్రత్తపడాలి? బెలుం గుహలు కూడా కలుపుకుందామని ఇంట్లో అంటున్నారు, కుదురుతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కోడూరు రోడ్డు:

ఒక్కరోజులో పోయి రావడం కుదురుతుంది. లోయ చూడ్డం మాత్రం కుదరదు. లెక్క వేసి చూడండి. తిరుపతి నుంచి కడప సుమారు 140 కి.మీ., కడప నుంచి గండికోట ఇంకో 85 కి.మీ. దాకా. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న బండి కాబట్టి టిఫిను, టీ, కాళ్లు చాపుకోడానికి ఆగడం కలిపితే అయిదు గంటలు దాటుతుంది. 5కి బయల్దేరినా 10.30 అవుతుంది. అప్పటికి ఎండ నెత్తి మీదికి వస్తుంది. రాతి గోడల్లో నీడలు ఉండవు, ఎరుపు రంగు పాలిపోతుంది, లోతు తెలియదు. లోయ లోతుగా కనబడేది ఏటవాలు వెలుగులోనే. పైగా 4 గంటలకల్లా తిరుగు ప్రయాణం పట్టాలి. అంటే అక్కడ చూడదగ్గ రెండు వేళలూ, పొద్దు గుంకేదీ, పొద్దు పొడిచేదీ, రెండూ పోయినట్టే.

కాబట్టి తిరగేయండి. ఇంట్లో నిదానంగా టిఫిను తిని 10.30కి బయల్దేరండి. మధ్యాహ్నం భోజనం కడపలో. 4.30 ప్రాంతంలో గండికోట. జనవరి మధ్యలో అక్కడ 6 గంటలకు పొద్దు గుంకుతుంది, గంటన్నర చేతిలో ఉంటుంది. రాత్రి అక్కడే పడుకోండి. మర్నాడు 6.45 ప్రాంతంలో సూర్యోదయం. 6.15కల్లా అంచు దగ్గర ఉండాలి. తర్వాత టిఫిను, కోట, 11 గంటలకు తిరుగు ప్రయాణం. సాయంత్రం 5కి తిరుపతి.

దారి రాజంపేటదే. రేణిగుంట, మామండూరు, బాలపల్లె, శెట్టిగుంట, రైల్వే కోడూరు, పుల్లంపేట, రాజంపేట, నందలూరు, ఒంటిమిట్ట, కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు. ముద్దనూరు దాకా 716 జాతీయ రహదారే. అక్కడ కుడికి జమ్మలమడుగు రోడ్డు పట్టి గండికోట బోర్డులు చూసుకుంటూ పోవాలి. మామండూరు, కోడూరు మధ్య అడవి మలుపులు, లారీలు. తిరిగొచ్చేటప్పుడు ఆ ముక్క చీకటి పడకముందే దాటేలా చూసుకోండి. తిరుగు ప్రయాణం 11కి అన్నది అందుకే.

పీలేరు, రాయచోటి దారి కూడా కడపకే చేరుస్తుంది కానీ గువ్వలచెరువు ఘాటు దిగాలి. మలుపులకు కడుపు తిప్పే పిల్లలుంటే వద్దు. (గువ్వలచెరువు పాలకోవా కోసం ఆ దారి పట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం.) తుపాను రోజుల్లో మాత్రం ఆ దారి గుర్తుపెట్టుకోవాలి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పొంగినప్పుడు రాజంపేట, నందలూరు వైపు రోడ్డు, రైలు రెండూ దెబ్బతిన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం అని వింటే బయల్దేరే ముందు చెయ్యేరు సంగతి కనుక్కోండి.

పెట్రోలు, మందులు, పండ్లు, నీళ్లు ముద్దనూరు లోపే కొనేయండి. గండికోటలో చిన్న అంగళ్లే ఉంటాయి. పర్యాటక సంస్థ హరిత హోటలు కోటకు ముందే రోడ్డు పక్కన ఉంది. ముందుగా గది ఖాయం చేసుకోకుండా శని, ఆదివారాల్లో పోవద్దు. జనవరిలో గండికోట ఉత్సవాలు పెట్టే సంవత్సరాలుంటాయి, ఆ తేదీలు పడితే గది దొరకదు, బండి నిలపడానికి చోటూ దొరకదు. చేరగానే రాత్రి భోజనం ఎంతమందికో చెప్పేయండి. 9 గంటలకు పోయి అడిగితే మిగిలిందే పెడతారు.

కొండరాయి:

పై లెక్క సరిగ్గా ఉంది. నేను అంచు గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే దిద్దుకోడానికి ఉండదు.

ముందు ఆ రాయి ఎలాంటిదో తెలియాలి. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన గండి అది, పేరులో ఉన్న గండి అదే. రాయి క్వార్ట్‌జైట్, అంటే ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి, రాయి అయినది. భూగర్భశాస్త్రంలో దాని పేరే గండికోట క్వార్ట్‌జైట్. కడప బేసిన్, అంటే ఒకప్పుడు ఇసుక, మట్టి పేరుకున్న విశాలమైన పల్లం, అందులో ఏర్పడ్డ రాళ్లు అవి. తిరుమల కొండ కూడా ఆ బేసిన్‌దే. అలిపిరిలో నిలబడి తల ఎత్తితే శేషాచలం పైభాగంలో ఎర్రగా నిట్టనిలువుగా కనబడే గోడ నగరి క్వార్ట్‌జైట్. శిలాతోరణం కూడా ఆ జాతి రాయే. తిరుపతి వాళ్లకు గండికోట రాయి కొత్తది కాదు. కాకపోతే ఇక్కడ కింద నిలబడి చూస్తాం, అక్కడ పైన నిలబడతాం.

ఈ రాయికి రెండు గుణాలు. పొరలు దాదాపు అడ్డంగా పడుకుని ఉంటాయి. వాటిని నిలువు పగుళ్లు కోస్తాయి. అడ్డం, నిలువు కలిసేసరికి కొండ మొత్తం పెద్ద పెద్ద ఇటుకలు పేర్చినట్టు దిమ్మెలుగా విడిపోతుంది. మధ్యలో మెత్తని పొర ఉంటే అది ముందు అరిగిపోతుంది, పైదిమ్మె బయటికి చొచ్చుకుని మిగులుతుంది. ఫోటోల కోసం అందరూ ఎక్కి కూర్చునేది సరిగ్గా ఆ చొచ్చుకొచ్చిన దిమ్మెల మీదే. పైనుంచి చూస్తే చదును బండలాగే ఉంటుంది, కింద ఏముందో కనబడదు.

అంచుకు పోయేటప్పుడు కింద చూసి నడవండి. రెండు బండల మధ్య పగులు అంచుకు సమాంతరంగా పోతుంటే దాన్ని గీతగా పెట్టుకోండి. ఆ గీత దాటి లోయ వైపు అడుగు వద్దు. పగులులో మట్టి చేరి గడ్డి మొలిచి ఉంటే అది లోతైన పగులని అర్థం. గడ్డి వేళ్లకు, వాన నీళ్లకు చోటు ఉందంటే ఆ దిమ్మె వెనక కొండతో అంటుకుని లేదు. మడమతో తడితే చిన్న పలకయితే డొల్లగా మోగుతుంది. మోగలేదని గట్టిదనుకోవద్దు, పెద్ద దిమ్మె మోగదు.

అంచు పొడవునా కంచె ఉండదు. గాలి ఒక్కసారిగా లేస్తుంది, సాయంత్రాలు ఎక్కువ. చీర కొంగు, చున్నీ, టోపీ గాలికి పోతే పట్టుకోబోయి తూలడం మామూలుగా జరిగేదే. కొంగు దోపుకోవాలి, టోపీకి తాడుండాలి. వాన పడ్డాకా, మంచు పడ్డ తెల్లవారుజామునా బండల మీది నల్లని పాకుడు జారుతుంది. ఎండినప్పుడు అదే బండ గరుగ్గా ఉండి కాలు పట్టుకుంటుంది, దాంతో జనం మోసపోతారు. రబ్బరు అడుగు ఉన్న బూట్లే వేసుకోండి. హవాయి చెప్పులు పిల్లలకు అసలు వద్దు.

పిల్లల సంగతి: ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, చేయి మణికట్టు దగ్గర పట్టుకోవాలి. వేళ్లు పట్టుకుంటే జారతాయి. అంచుకు కనీసం పది అడుగులు ఇవతలే కూర్చోబెట్టండి, నిలబెట్టొద్దు. లోయ అక్కడి నుంచీ బాగానే కనబడుతుంది. ఫోటో తీసేవాళ్లు పిల్లల బాధ్యత తీసుకోకూడదు, కళ్లు తెర మీద ఉంటాయి. వెనక్కి నడుస్తూ ఫోటో తీయడం, తీయించుకోవడం రెండూ మానండి.

లోయలోకి దిగే దారి ఎవరైనా చూపిస్తామన్నా పిల్లలతో వద్దు. కింద నీళ్లు నిదానంగా ఉన్నట్టు కనబడతాయి. అది పారే ఏరులా మెల్లగా లోతయ్యే చోటు కాదు, గోడ నిలువుగా నీళ్లలోకి దిగిపోతుంది. ఒడ్డున కాలు జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఈత వచ్చినవాళ్లు కూడా ఎక్కడానికి చోటు దొరక్క అలసిపోతారు.

జమ్మలమడుగు అల్లుడు (చిత్తూరు):

నాయన గారి సంగతి నేను చెబుతాను.

బండి కోట ద్వారాల గుండా లోపలికి పోతుంది. దారి ఇరుకు, మలుపు తిరిగి ఉంటుంది, ఎదురుగా బండి వస్తే ఒకరు వెనక్కి తీయాలి. శత్రువుల ఏనుగులు నేరుగా పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టకుండా అలా వంకర పెట్టి కట్టారు. లోపల ఊరుంది, జనం కాపురం ఉంటున్నారు, వాళ్ల ఇళ్ల ముందు బండి నిలపకండి. నాలుగు మూలలా స్తంభాలున్న చిన్న కట్టడం కనబడుతుంది, చార్మినార్ అంటారు. అక్కడి నుంచి మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ ముక్క వరకు నేల చాలావరకు చదును. నాయన గారు నిదానంగా రాగలరు. మాధవరాయ స్వామి గుడి గోపురం, లోపలి స్తంభాల చెక్కడం చూస్తూ అరగంట కూర్చోవచ్చు. విజయనగరం కాలంలో పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 17వ శతాబ్దంలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. పక్కపక్కనే గుడి, మసీదు, పెద్ద కొట్టంలాంటి ధాన్యాగారం ఎందుకున్నాయో ఆ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. ముట్టడి నెలల తరబడి సాగితే లోపలివాళ్లకు తిండి, నీళ్లు కావాలి కదా. ధాన్యాగారం తిండికి, రాయల చెరువు నీళ్లకు. ఒకవైపు గోడ కట్టనక్కరలేకుండా పెన్న లోయే కాపలా.

కష్టమంతా మసీదు దాటాక. లోయ వైపు పోయే చివరి ముక్క దూరం తక్కువే కానీ అది దారి కాదు, బండల గుట్ట. ఒక బండ మీంచి ఇంకో బండకు మోకాలెత్తు అడుగు వేయాలి, కొన్నిచోట్ల చేతులు ఆన్చి ఎక్కాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. బలవంతపెట్టొద్దు. మధ్యదాకా వచ్చాక వెనక్కి తిప్పడం ఇంకా కష్టం. అమ్మ గారు గట్టిగా ఉంటే ఒక చేత్తో కర్ర, ఇంకో వైపు మనిషి తోడుతో రావచ్చు.

నాయన గారికి లోయ చూపించకుండా తీసుకురావడం ఎలా అని బాధపడకండి. వంతులు వేసుకోండి. సాయంత్రం మీ ఆవిడ, పాప అంచుకు పోతే మీరు, నాయన, బాబు మసీదు అరుగు మీద కూర్చోండి. తెల్లవారి మీరు పోండి. మీరు తిరిగొచ్చాక నాయన గారిని కోట బయటి నుంచి బురుజులు, గోడలు కనబడే చోట బండి ఆపి చూపించండి. ఎర్ర రాళ్ల గోడ మీద పొద్దుటి ఎండ పడుతుంటే అదొక్కటే చాలు రావడానికి. తర్వాత మైలవరం వైపు బండి తీసుకుపోతే పెన్న లోయలోంచి బయటపడి జలాశయంగా పరుచుకున్నది నడక లేకుండానే కనబడుతుంది.

బెలుం మాత్రం ఈసారి కలపొద్దు. గండికోట నుంచి సుమారు 60 కి.మీ., తిరుపతికి ఎదురు దిశ. గుహలోకి మెట్లు దిగాలి, కొన్నిచోట్ల వంగి నడవాలి, లోపల ఉక్క. నాయన గారికి అదొక శిక్ష. బదులుగా తిరుగు దారిలో ఒంటిమిట్ట ఆగండి. కోదండరామస్వామి గుడి రోడ్డుకు దగ్గరే, ఆ ముఖమండపం స్తంభాలు చూడాలి. పెద్దవాళ్లకు యాత్ర నిండినట్టూ ఉంటుంది.

రేణిగుంట ప్లాట్‌ఫారం:

కారు లేనివాళ్లు ఈ ప్రశ్న చదువుతారు కాబట్టి రెండు మాటలు. రేణిగుంట, కడప, గుంతకల్లు లైనులో ముద్దనూరు దగ్గరి స్టేషను, అక్కడి నుంచి గండికోట పాతిక కి.మీ. పైచిలుకు. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ముద్దనూరులో ఆగవు, టికెట్టు తీసేముందు చూసుకోండి. ఆగకపోతే ఎర్రగుంట్లలో దిగి బస్సులో జమ్మలమడుగు చేరాలి. రోడ్డు మీదైతే తిరుపతి నుంచి ప్రొద్దుటూరు బస్సెక్కి, అక్కడ జమ్మలమడుగుకు మారండి. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కి.మీ., బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకోవాలి. ఆటోవాళ్లతో పోను, రాను రెండూ కలిపి, మర్నాడు ఎన్ని గంటలకు రావాలో కూడా కలిపి బేరం చేసుకోండి. ఒక్క వైపే మాట్లాడుకుని పోతే తిరిగి రావడానికి కోట దగ్గర ఆటో దొరకదు.

భవానీనగర్ వాసి:

అందరికీ నమస్కారాలు. రాత్రి ఉండేలా మార్చుకున్నాం, బెలుం తీసేశాం. ఇంకో రెండు సందేహాలు. జనవరిలో లోయలో నీళ్లుంటాయా? ఫోటోల్లో కొన్నిట్లో నిండుగా, కొన్నిట్లో సన్నని పాయగా ఉంది. అలాగే గది బదులు అంచు దగ్గర గుడారం వేసుకుందామని మా పాప పట్టు, వేయొచ్చా? సూర్యోదయం అయ్యాక వెంటనే వచ్చేయాలా, ఉండాలా?

కెమెరా సంచి:

నీళ్లు ముందు. లోయలో కనబడేవి వాన పడితే వచ్చి పోయే నీళ్లు కావు. ఎగువన గండికోట జలాశయం, గాలేరు-నగరి పథకంలోది, సామర్థ్యం 26.85 టీఎంసీలు. దిగువన మైలవరం, దాదాపు 10 టీఎంసీలు. రెండిటి మధ్య ఉంది మీరు చూసే లోయ. కాబట్టి లోయ నిండుగా ఉందా లేదా అన్నది మైలవరంలో ఎంత నిల్వ ఉంది, పైనుంచి ఎంత వదులుతున్నారు అన్నదాని మీద ఆధారపడుతుంది. పెన్న పుట్టింది కర్ణాటకలో నందికొండల దగ్గరైనా, ఇప్పుడు గండికోట జలాశయానికి వచ్చేది ఎక్కువగా కాలువలో తెచ్చిన కృష్ణా నీళ్లు. అందుకే మన ఊళ్లో వాన లేని ఏడాది కూడా లోయ నిండి ఉండొచ్చు. పత్రికల కడప జిల్లా పేజీల్లో జలాశయాల నీటిమట్టాలు వేస్తుంటారు, బయల్దేరే వారం మైలవరం అంకె చూసుకోండి. సాధారణంగా వానాకాలం తర్వాత, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నిండుగా ఉండే అవకాశం ఎక్కువ. వేసవికి తగ్గుతుంది.

నీళ్లు తగ్గితే చూడ్డానికి ఏమీ ఉండదనుకోకండి. గోడ అడుగు బయటపడుతుంది, నీటి మట్టం ఎక్కడెక్కడ నిలిచిందో తెల్లటి చారలు కనబడతాయి, లోయ లోతు ఇంకా బాగా తెలుస్తుంది.

వెలుగు సంగతి. కోట ఉన్నది పెన్నకు కుడి గట్టు మీద, అంటే దక్షిణం వైపు. మనం చూసేది ఎక్కువగా అవతలి, దక్షిణానికి తిరిగి ఉన్న గోడ. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి ఆ గోడ మీద వెలుగు పొద్దున, సాయంత్రం రెండు వేళలా పడుతుంది. అందుకే వెంటనే వచ్చేయకండి. సూర్యుడు పైకి వచ్చిన క్షణంలో అందరూ ఫోటో తీసి లేచిపోతారు. అప్పటికి లోయ అడుగు ఇంకా చీకటి. ఫోనులో తీస్తే ఆకాశం తెల్లగా, లోయ నల్లగా వస్తుంది. ఇంకో అరగంట, ముప్పావుగంట కూర్చోండి. వెలుగు గోడ పైఅంచున మొదలై ఒక్కో పొర దిగుతూ వస్తుంది. ఒక్కో పొరది ఒక్కో రంగు: ఇటుక ఎరుపు, తేనె రంగు, బూడిద. 7.30 ప్రాంతంలో తీసిన ఫోటోలే నిలుస్తాయి. ఫోను తెర మీద వెలుగున్న గోడను తాకి, వెలుతురు కాస్త తగ్గించి తీయండి, రాతి పొరలు విడివిడిగా వస్తాయి. అడ్డంగా కన్నా నిలువుగా పట్టుకుని తీస్తే లోతు తెలుస్తుంది. డ్రోను తీసుకుపోవద్దు, పురావస్తు శాఖ రక్షిత కట్టడం, అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ఇంకో మాట. దీన్ని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పిలుస్తుంటారు. పిల్లలకు ఆ మాట చెప్పి తీసుకుపోకండి. అమెరికా లోయ లోతు కిలోమీటరున్నర దాటుతుంది, గండికోట లోతు వందల అడుగుల్లోనే. ఆ ఊహతో వచ్చినవాళ్లు ఇంతేనా అంటారు. పోలిక లేకుండా చూస్తే, అంత దగ్గరగా, అవతలి గోడ మీది పొరలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఉండడమే దీని అందం.

కొండరాయి:

గుడారం అంచు దగ్గర వద్దు. రాత్రి నిద్రమత్తులో లేచిన మనిషికి పదడుగుల దూరం దూరమే కాదు. పైగా బండ మీద మేకు దిగదు. రాళ్లు పెట్టి తాడు కడితే అర్ధరాత్రి గాలికి గుడారం గుడ్డ తెరచాపలా ఉబ్బి రాళ్లను ఈడ్చేస్తుంది. పాపకు గుడారమే కావాలంటే కోటకు ఇవతల, రోడ్డు వైపు మట్టి నేలలో అద్దె గుడారాలు వేసేవాళ్లున్నారు, అక్కడ తీసుకోండి. మూడు సంగతులు చూసి డబ్బులివ్వండి: మేకులు మట్టిలో దిగాయా, మరుగుదొడ్డి ఎంత దూరం, రాత్రి మనిషి కాపలా ఉంటాడా. కోట లోపల మంట వేయొద్దు, వంట చేయొద్దు. చలికి మంట కావాలంటే గుడారాలవాళ్లు చూపించిన చోటే.

తెల్లవారుజామున 6కి అంచుకు పోయేటప్పుడు చీకటే. ఫోను లైటు సరిపోదు, ఒక చేయి దానికే పోతుంది. తలకు కట్టుకునే లైట్లు రెండు కొనుక్కోండి, ఒకటి ముందు నడిచేవాళ్లకు, ఒకటి చివర. ముందురోజు సాయంత్రమే వెలుగులో ఆ బండల దారి ఒకసారి నడిచి చూసినవాళ్లే ముందుండాలి. మీరు వంతులు వేసుకుంటున్నారు కాబట్టి ఇది ముఖ్యం: సాయంత్రం పోయి వచ్చిన మీ ఆవిడే తెల్లవారి మీకు దారి చూపించాలి, అమ్మ గారు గదిలో పిల్లలతో ఉండాలి. మనిషికి లీటరు నీళ్లు ఉదయానికి చాలు, పగలు కోట తిరిగేటప్పుడు రెండు లీటర్లు. కోతులున్నాయి, పళ్లు, బిస్కెట్లు చేతిలో కాకుండా సంచిలో పెట్టి జిప్పు వేయండి. ఖాళీ సీసాలు అదే సంచిలో వెనక్కి తెచ్చేయండి. అంచున వదిలినవి గాలికి దొర్లి పెన్నలోనే పడతాయి.